బిల్డర్ చేసే మేలు: ఏది దానం, ఏది బాకీ?

సందేహాలు – సమాధానాలు

ఇళ్లు కట్టే కంపెనీలు పేదల కోసం చేస్తున్నామని చెప్పే పనుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటిలో అనుమానం, కొన్నిటిలో కోపం. రెండు మూడింటిలో మాత్రం నిజంగా ఏదైనా చేద్దామన్న తపన ఉంది. వాటికి ఎక్కువ చోటిచ్చాను.

*

*మియాపూర్ వైపు కొత్త వెంచర్‌లో ఫ్లాట్ చూశాం. 1,150 చదరపు అడుగులు, 58 లక్షలు. బ్రోషర్ నిండా ‘అఫర్డబుల్ హోమ్స్’ అనే ఉంది. పైగా అమ్మిన ప్రతి ఫ్లాటుకూ పదివేలు ఒక అనాథాశ్రమానికి ఇస్తారట. మా అత్తగారు ‘ఇల్లూ వస్తుంది, పుణ్యమూ వస్తుంది, తీసేసుకోండి’ అంటున్నారు. మావారు తేల్చుకోలేకపోతున్నారు.*
— ఒక గృహిణి, నిజాంపేట

పుణ్యం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు లెక్క చూద్దాం.

‘అఫర్డబుల్’ అని బ్రోషర్ మీద ఎవరైనా వేసుకోవచ్చు. జీఎస్టీలో మాత్రం దానికి 2019 ఏప్రిల్ 1 నుంచి ఒక కొలత ఉంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి మెట్రోల్లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 646 చదరపు అడుగులు దాటకూడదు. విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లలో 90 చదరపు మీటర్ల దాకా ఉండొచ్చు. ధర ఎక్కడైనా సరే 45 లక్షలు మించకూడదు. ఈ రెండు షరతులూ కుదిరితే, కట్టుబడిలో ఉన్న ఫ్లాటు మీద పన్ను ఒక శాతం. ఒక్కటి తప్పినా అయిదు శాతం. మీరు చూసినది ధరలోనే తప్పింది. 58 లక్షల మీద అయిదు శాతమంటే 2 లక్షల 90 వేలు. ఇది సేల్స్ కుర్రాడు చెప్పిన రేటులో ఉందా, పైన కట్టాలా అన్నది ఈరోజే అడగండి.

ఈ సందర్భంలో ఇతర పాఠకులకూ ఒక మాట. ఆ 45 లక్షల హద్దులో ఫ్లాటు ధరే కాదు, పార్కింగు, క్లబ్‌హౌస్, ‘ఈస్ట్ ఫేసింగ్’ పేరుతో తీసుకునే అదనపు సొమ్ము కూడా కలుస్తాయి. 44 లక్షలకు ఫ్లాటు అని చెప్పి, పార్కింగుకు రెండు లక్షలు విడిగా రాస్తే అది 46 లక్షల ఫ్లాటే.

1,150 అన్నది సేలబుల్ ఏరియా. మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నిటిలో మీ వాటా కలిపి చెప్పే అంకె. తలుపు తీసి లోపలికి వెళ్లాక మీ కాళ్ల కింద ఉండేది కార్పెట్ ఏరియా. 2016 రెరా చట్టం ప్రకారం బిల్డర్ చెప్పాల్సిందీ, మీరు అడగాల్సిందీ అదే. తెలంగాణ రెరా వెబ్‌సైట్లో ఆ ప్రాజెక్టు నంబరు కొట్టి మీ ఫ్లాటు కార్పెట్ ఏరియా చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి. అంతకుమించి తీసుకునే హక్కు చట్టం ఆయనకు ఇవ్వలేదు.

ఇక అనాథాశ్రమం. 58 లక్షల్లో పదివేలంటే వంద రూపాయలకు పదిహేడు పైసలు. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, పిల్లల అన్నానికి ఏ పైసా అయినా పైసానే. కానీ ఆ పదివేలు ఆయన లాభంలోంచి తీస్తున్నారా, మీ ధరలో కలిపారా? కలిపితే దాత మీరు, రసీదు మాత్రం ఆయన పేరు మీద. ఆశ్రమం పేరేమిటో, ఎప్పుడు ఎంత ఇచ్చారో కాగితం మీద అడగండి. బ్రోషర్లో అచ్చువేసిన మాట అబద్ధమని తేలి, దాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడిగే హక్కు రెరా చట్టం 12వ సెక్షన్ మీకిచ్చింది. నిజంగా ఇస్తున్నవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

నా సలహా: ఫ్లాటును ఫ్లాటుగా బేరమాడండి. మీ అత్తగారి పుణ్యానికి ఆ పదివేలు మీరే నేరుగా ఆశ్రమానికి వెళ్లి ఇవ్వండి.

*

*సార్, నేను చిన్న బిల్డర్ని. ఏడాదికి ఒక అపార్టుమెంటు, మహా అయితే రెండు. పాతికేళ్లుగా ఈ వ్యాపారం తిండి పెట్టింది. తిరిగి ఏదైనా చేయాలని ఉంది. పెద్ద కంపెనీల్లా రెండు శాతం ఇవ్వాలని నాకూ రూలుందా? లేకపోయినా ఏం చేస్తే బాగుంటుంది? గుడికి ఆర్చి కట్టించమని మావాళ్లు అంటున్నారు.*
— ఒక బిల్డర్, రాజమహేంద్రవరం

రూలు లేదు. లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలన్న సీఎస్‌ఆర్ నిబంధన, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, పెద్ద కంపెనీలకే. నెట్‌వర్త్ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉండాలి. సొంత పేరు మీదో పార్ట్‌నర్‌షిప్ మీదో చేసుకునే మీకు అది అంటదు. అందుకే మీ ఉత్తరం నాకు నచ్చింది. ఎవరూ అడగకుండా అడిగారు.

ఆర్చికి చందా ఇస్తారో లేదో మీ ఇష్టం. కానీ ఇళ్లు కట్టడం తెలిసినవాడు ఇవ్వగలిగినదాన్ని ఆర్చికి చందా ఇచ్చేవాడు ఇవ్వలేడు. కాబట్టి మీ చేతిలో ఉన్న విద్యతోనే మొదలుపెట్టండి, మీ సైటులోనే.

రేపు పొద్దున్నే సైటుకు వెళ్లి కూలీల షెడ్డు లోపల పది నిమిషాలు కూర్చోండి. బయట నిలబడి చూడటం కాదు, లోపల కూర్చోవడం. నాలుగు పక్కలా రేకులు, పైనా రేకు, ఎత్తు ఆరడుగులు, కిటికీ లేదు. మే నెలలో మధ్యాహ్నం అందులో పసిబిడ్డ నిద్రపోతుంది, ఎందుకంటే వాళ్లమ్మ మూడో అంతస్తుకు ఇసుక మోస్తోంది. స్నానానికి డ్రమ్ము చాటు. ఆడవాళ్లు మరుగు కోసం చీకటి పడేదాకా ఆగాలి. మీ సైటు ఇలా లేకపోతే సంతోషం. చాలా సైట్లు ఇలాగే ఉన్నాయి.

దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రేకు ఎత్తు తొమ్మిది అడుగులకు పెంచి, పైన తెల్లసున్నం కొట్టించి, ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టండి. ఆడవాళ్లకు గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి, స్నానాల గది వేరుగా కట్టండి. ఒక గదిని పిల్లలకు వదిలి, కూలీల్లోనే ఓపికున్న ఒకావిడకు రోజు కూలీ ఇచ్చి వాళ్లను చూసుకోమనండి. ఢిల్లీలో 1969లో మొదలైన మొబైల్ క్రెషెస్ సంస్థ కట్టుబడి సైట్లలో చేసిన పని ఇదే. గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కడుతున్న చోట దుమ్ములో పడివున్న పసిపిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో మొదలుపెట్టారు.

ఇంకోటి, మీకు ఒక్క రూపాయి ఖర్చుకాని పని. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు కట్టుబడి పని చేసినట్టు చూపించాలి. ప్రమాదం జరిగితే పరిహారం, కాన్పు సాయం లాంటివి ఆ కార్డు ఉన్నవాళ్లకే. తాపీమేస్త్రీ దగ్గర పనిచేసే కూలీకి ఆ కాగితం ఎవరిస్తారు? మీరు ఇవ్వాలి. మీరు కట్టే సెస్ సొమ్ము ఆ బోర్డుకే చేరుతోంది. అది అసలు మనిషికి అందకుండా ఆగిపోయేది ఈ సంతకం దగ్గరే. ఒక ఆదివారం మేస్త్రీలందరినీ పిలిచి, సెంట్రింగు, రాడ్‌బెండింగు, పెయింటింగు వాళ్ల దాకా అందరి ఆధార్ కాపీలూ తెమ్మని, కూర్చుని సంతకాలు పెట్టండి. గుడి ఆర్చి మీద పేరు కన్నా ఈ సంతకం ఎక్కువ కాలం పనిచేస్తుంది.

మీ తర్వాతి అపార్టుమెంటు ప్లానులో వాచ్‌మన్ గది ఎక్కడ గీశారో కూడా చూసుకోండి. సెల్లార్లో మెట్ల కిందా? నలుగురు మనుషుల సంసారం, పక్కనే కరెంటు మీటర్లు, గాలి బదులు కార్ల పొగ. బయటిగోడకు ఆనించి, కిటికీతో, మరుగుదొడ్డితో ఒక గది ఇవ్వడానికి ఒక పార్కింగు స్థలం పోతుంది. పోనివ్వండి.

ఇవన్నీ అయ్యాక ఇంకా చేయాలనిపిస్తే, వానాకాలం ముందు మీ వార్డులో కారుతున్న పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు అయిదారు ఎంచుకుని కప్పు బాగుచేయించండి. కొత్త ఇల్లు కట్టించే డబ్బుతో ఎన్నో కప్పులు నిలుస్తాయి. ఎవరూ ఫొటో తీయరు కాబట్టి ఆ పని ఎవరూ చేయరు.

*

*మా కంపెనీ విల్లాలు కడుతుంది. వెంచర్‌కు వెళ్లే మట్టిరోడ్డును తారురోడ్డు చేసి దాన్ని సీఎస్‌ఆర్ ఖాతాలో రాశారు. స్టాఫ్ పిల్లలకు స్కాలర్‌షిప్పులూ అందులోనే చూపించారు. ఊళ్లో క్రికెట్ టోర్నమెంటు స్పాన్సర్ చేసి బ్యానర్లు కట్టారు, అదీ అంతే. ఇలా రాయొచ్చా?*
— పేరు వద్దన్నారు, శంషాబాద్

మూడూ రాయకూడదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్‌ఆర్ కాదు. విల్లాలు అమ్ముకోవడానికి వేసిన రోడ్డు వ్యాపారమే. ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ మాత్రమే దక్కేది కాదు. పేరు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ కూడా కాదని 2021 సవరణలో సూటిగా చెప్పారు. మరో చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని ఇందులో చూపించడమూ కుదరదు. లేఅవుట్లో పార్కు స్థలం వదలడం దానం కాదు, బాకీ.

మురికివాడల అభివృద్ధి, చదువు, ఆరోగ్యం, తాగునీరు మాత్రం సీఎస్‌ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితాలో, అంటే కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో ఉన్నాయి. రెండు శాతం ఖర్చు కాకపోతే మిగిలింది కంపెనీ దగ్గరే పెట్టుకోవడానికీ లేదు. ఏ కంపెనీ దేనికి ఎంత పెట్టిందో ప్రభుత్వ సీఎస్‌ఆర్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. మీ కంపెనీది మీరే చూడండి.

బాగా చేసినవాళ్లూ ఉన్నారు. ఇళ్లు కట్టే శోభా సంస్థను పెట్టిన పీఎన్‌సీ మీనన్ తన సొంత జిల్లా పాలక్కాడ్‌లో వడక్కంచేరి, కిళక్కంచేరి అనే రెండు పంచాయతీలను 2006లో ఎంచుకున్నారు. అక్కడి నిరుపేద కుటుంబాలకు బడి, ఆసుపత్రి, దిక్కులేని వృద్ధులకు, వితంతువులకు ఆశ్రయం ట్రస్టు ద్వారా నడిపించారు. 2013లో గివింగ్ ప్లెడ్జ్ మీద సంతకం చేసి ఆస్తిలో సగం ఇస్తానన్నారు. నాకు ఇందులో నచ్చింది ఆస్తిలో సగమన్న మాట కాదు. ఒకచోట దిగి అక్కడే ఉండిపోవడం. ఏడాదికో జిల్లాలో రిబ్బను కత్తిరించే కంపెనీలకు ఆ ఓపిక ఉండదు.

*

*మా చిన్నప్పుడు ఖమ్మం దగ్గర ఎవరో విదేశీ సంస్థవాళ్లు పేదలకు ఇళ్లు కట్టించారని పెద్దలు చెప్పేవారు. అది నిజమేనా? ఉచితంగా ఇచ్చారా?*
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

నిజమే మాస్టారూ. ఆ సంస్థ పేరు హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. మన దేశంలో దాని పని 1983లో మీ ఖమ్మంలోనే మొదలైంది. ఇవాళ ముంబయి, ఢిల్లీల్లో కార్పొరేట్ ఉద్యోగులు హెల్మెట్లు పెట్టుకుని ఆ సంస్థ తరఫున ఇటుకలు అందిస్తుంటారు గానీ, తొలి పునాది ఖమ్మానిదని చాలామందికి తెలియదు.

1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అమెరికస్ అనే చిన్న ఊళ్లో మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు దాన్ని స్థాపించారు. మిలార్డ్ యువకుడిగా ఉండగానే కోటీశ్వరుడై, ఉన్నదంతా పంచేసి ఈ పనిలోకి దిగినవాడు. వాళ్ల పద్ధతి ఉచితం కాదు. లాభం వేసుకోకుండా ఇల్లు కడతారు, ఆ ఖర్చును కుటుంబం చిన్న చిన్న వాయిదాల్లో తిరిగి కడుతుంది, ఆ సొమ్ముతో మరొకరి ఇంటికి పునాది పడుతుంది. ఇల్లు పొందేవాళ్లు తమ ఇంటికీ, పక్కవాళ్ల ఇంటికీ ఒళ్లొంచి పని చేయాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి ఏటా సుత్తి పట్టుకుని వెళ్లేవారు. 2006లో మహారాష్ట్రలో లోనావాలా దగ్గర వంద ఇళ్ల కోసం ఆయన పనిచేసినప్పుడు వయసు 82.

ఉచితం మేలా, వాయిదాలు మేలా అన్నది మీరు అడగలేదు గానీ, ఆ చర్చ ఎప్పుడూ వస్తుంది. వాయిదా కట్టిన ఇంటిని మనుషులు బాగా చూసుకుంటారంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వేల ఇళ్లు కట్టింది, కరువు సీమలో, దళిత గిరిజన కుటుంబాలకు. అక్కడ వాయిదా అడిగితే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద ఉండాలన్న పట్టుదల అక్కడ వాయిదా కన్నా ఎక్కువ పనిచేసింది. భర్త అమ్మేయలేడు, తాకట్టు పెట్టలేడు. నిలకడగా నెలజీతం వచ్చేచోట వాయిదా పద్ధతి, వానను నమ్ముకున్నచోట ఆర్‌డీటీ పద్ధతి.

*

*మా ట్రస్టుకు ఒక రియల్ ఎస్టేట్ సంస్థ ఎకరంన్నర స్థలం రాసిస్తామంటోంది. మేం చందాలు వేసుకుని నలభై కుటుంబాలకు ఇళ్లు కట్టిస్తాం. స్థలం టౌనుకు పద్నాలుగు కిలోమీటర్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తోపుడుబళ్ల వాళ్లు, ఆటో డ్రైవర్లు లబ్ధిదారులు. ముందుకు వెళ్లమంటారా?*
— ట్రస్టు కార్యదర్శి, గుంటూరు జిల్లా

ఆగమంటాను. ఉచితంగా వచ్చే భూమిని అనుమానించడం నేర్చుకోండి.

మొదట కాగితాలు. అది అసైన్డ్ భూమేమో చూడండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని చేతులు మార్చడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఎన్ని చేతులు మారినా చివర్లో ఉన్నవాడే నష్టపోతాడు, ఇక్కడ ఆ చివరివాళ్లు మీ నలభై కుటుంబాలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నిషేధిత భూముల జాబితా, ముప్పై ఏళ్ల ఈసీ, చెరువు శిఖమా, కాలువ పక్కన వదలాల్సిన స్థలమా అన్నది ఇరిగేషన్ వాళ్ల దగ్గర, మొత్తం చూడండి. ఆ సంస్థ అమ్ముకోలేని ముక్కను మీకు అంటగట్టడం లేదని రూఢి చేసుకోవాలి. ఇంకో కోణం: ఆ ఎకరంన్నరకు మీ డబ్బుతో రోడ్డు, కరెంటు, నీళ్లు వస్తే పక్కనున్న ఆ సంస్థ భూమికి రేటు పెరుగుతుంది. తప్పని అనను. తెలిసి ఒప్పుకోండి, రోడ్డు ఖర్చు వాళ్లను పెట్టమనండి.

అసలు చిక్కు ఆ పద్నాలుగు కిలోమీటర్లు. ఇళ్లలో పనిచేసే ఆవిడ పొద్దున ఆరున్నరకు మొదటి ఇంట్లో అంట్లు తోమాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఇంటికి వచ్చి పిల్లలకు పెట్టి, సాయంత్రం మళ్లీ వెళ్లాలి. రానుపోను ఆటోకి రోజుకు ఎనభై అనుకున్నా నెలకు రెండువేలు. రెండిళ్లలో చేసే పని డబ్బుల్లో ఎంత మిగులుతుందో మీరే వేయండి. ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు: మీరిచ్చిన ఇంటికి తాళం వేసి, టౌన్లో మళ్లీ అద్దె గదికి వెళ్తుంది. అప్పుడు అందరం ‘చూశారా, వీళ్లకు ఇల్లిచ్చినా ఉండరు’ అంటాం. ఊరవతల ఖాళీగా పడున్న సర్కారీ ఇళ్ల కథ సగం ఇదే.

తక్కువ ధర ఇళ్లకు వ్యాపార సంస్థలూ ఇదే లెక్కతో దూరం వెళ్తాయి. టాటా హౌసింగ్ 2009లో నాలుగు లక్షల లోపు నుంచి ఫ్లాట్లు ప్రకటించింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ అవి ముంబయిలో కాదు, వంద కిలోమీటర్ల దూరంలోని బోయిసర్‌లో. బోయిసర్‌లో ఫ్యాక్టరీలున్నాయి, అక్కడ పనిచేసేవాళ్లకు అది సరైన చోటే. మీ స్థలం పక్కన ఏముంది?

ఆ సంస్థతో మళ్లీ కూర్చోండి. ఎకరంన్నర ఊరవతల వద్దు, టౌన్లో బస్సు తిరిగే చోట ఆరేడు వందల గజాలు ఇస్తారా అని అడగండి. నలభై విడి ఇళ్ల బదులు మూడంతస్తుల్లో ఇరవై నాలుగు వాటాలు వస్తాయి. లిఫ్టు వద్దు, నిర్వహణ భారం. వాళ్లు ససేమిరా అంటే, దానం గురించి వాళ్ల ఉద్దేశం మీకు తెలిసినట్టే. అప్పుడు చందాల డబ్బుతో ఆ కుటుంబాలు ఇప్పుడున్న బస్తీలోనే కప్పులు, మరుగుదొడ్లు బాగుచేయండి. పట్టాలు లేనివాళ్లకు పట్టాల కోసం తిరగండి. అది కూడా ఇల్లు కట్టించడమే.

*

*‘మా సంస్థ తరఫున పేద కుటుంబాలకు ఫ్లాటుకు రెండున్నర లక్షల తగ్గింపు’ అని ఒక బిల్డర్ హోర్డింగు పెట్టారు. అంత మంచివాళ్లు కూడా ఉన్నారా?*
— ఎలక్ట్రీషియన్, విజయవాడ

ఉండొచ్చు. కానీ ఆ అంకె చూస్తే నాకు అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం గుర్తొస్తోంది. పీఎం ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అందులో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టే ఇళ్లలో, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి మన రాష్ట్రంలో కేంద్రం, రాష్ట్రం కలిపి ఇచ్చే సాయం ఇంటికి కనీసం రెండున్నర లక్షలు. బిల్డర్ జేబులోంచి వచ్చేది కాదు, మన పన్నుల్లోంచి వచ్చేది. అర్హత మీకుంటే అది మీ హక్కు, ఆయనకు దండం పెట్టనక్కర్లేదు. దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదన్నది ముఖ్య షరతు.

మీ ఆదాయం అంతకన్నా ఎక్కువై, తొమ్మిది లక్షల లోపుంటే అదే పథకంలో వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. తొలి 8 లక్షల మీద నాలుగు శాతం చొప్పున లెక్కగట్టి, మొత్తం 1 లక్షా 80 వేల దాకా అయిదు విడతల్లో మీ లోను ఖాతాకే వేస్తారు. మీ మునిసిపల్ ఆఫీసులో అడిగి, తర్వాత ఆ హోర్డింగు ఆఫీసుకు వెళ్లండి. ఆ రెండున్నర లక్షల పైన ఆయన ఇంకేమైనా తగ్గిస్తే, అదీ ఆయన దానం.

*

*రాట్‌ట్రాప్ గోడలతో ఇల్లు చవకగా అవుతుందంటారు. మా క్లబ్బు తరఫున రెండిళ్లు కట్టించాలనుకుంటున్నాం. గట్టిగా ఉంటాయా?*
— ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఉంటాయి, కట్టడం తెలిసిన మేస్త్రీ ఉంటే. ఇటుకను పరుపుగా కాకుండా అంచుమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కడతారు. తొమ్మిదంగుళాల గోడే వస్తుంది, ఇటుకలు దాదాపు పాతిక శాతం తగ్గుతాయి, లోపలి గాలి పొర వల్ల ఎండ తక్కువ దిగుతుంది. ఇంగ్లండ్‌లో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్ కేరళలో దీన్ని వాడుకలోకి తెచ్చారు. ఆయన స్ఫూర్తితో 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ ఇప్పటికీ ఈ పని నేర్పుతోంది. శ్లాబులో కింది సగంలో కాంక్రీటు బదులు పాత మంగళూరు పెంకులు పరిచే ఫిల్లర్ శ్లాబు కూడా ఆయన చలవే.

మీది తుపాను తీరం. మూలల్లో నిలువు కడ్డీలు, తలుపుల మీద చుట్టూ తిరిగే లింటెల్ బ్యాండ్ తప్పనిసరి. వాటి దగ్గర పొదుపు చేయకండి. రెండిళ్లే కాబట్టి ఇద్దరు మేస్త్రీలను పిలిపించి మొదటి గోడ వాళ్లచేత కట్టించి, స్థానిక మేస్త్రీలకు నేర్పండి. ఇళ్లకన్నా ఆ నేర్పు మీ ఊళ్లో ఎక్కువ తిరుగుతుంది. మొత్తం కాంక్రీటు గోడల ఇళ్లు తొందరగా లేస్తాయి నిజమే, కానీ వేసవిలో కాలతాయి, తర్వాత ఒక ప్లగ్‌పాయింటు పెట్టుకోవాలన్నా గోడ లొంగదు.

*

*మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ బిల్డర్లు కలిసి ఒక ఇల్లు కట్టి, వంద డాలర్ల టికెట్లు అమ్మి, లాటరీలో ఇల్లు ఇస్తున్నారు. డబ్బు చారిటీకట. ఇది పేదల ఇళ్ల కోసమేనా? మా అబ్బాయికి వాలంటీర్ గంటలు కూడా కావాలి.*
— ఒక తెలుగు తల్లి, ఫ్రిస్కో

మీరు చెబుతున్నది సెయింట్ జూడ్ డ్రీమ్ హోమ్ లాంటిది అయితే, మంచి పనే గానీ పేదల ఇళ్లకు సంబంధం లేదు. ఆ సొమ్ము మెంఫిస్‌లోని పిల్లల క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తుంది. స్థానిక బిల్డర్లు, సామాన్ల కంపెనీలు కలిసి వేసుకుని ఇల్లు కడతారు. టికెట్ డబ్బుకు పన్ను మినహాయింపు రాదు, లాటరీ టికెట్‌ను అక్కడి పన్నుశాఖ దానంగా లెక్కవేయదు. ఇల్లు తగిలితే దాని విలువ మీద ఆదాయపు పన్ను కట్టాలి, అదీ గుర్తుంచుకోండి.

ఇల్లు లేనివాళ్ల కోసమే బిల్డర్లు చేసే పని కావాలంటే, 1989లో కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీ బిల్డర్ల సంఘం మొదలుపెట్టిన హోమ్‌ఎయిడ్ ఉంది. తమ పనివాళ్లతో, తమ సామాన్లతో ఆశ్రయ గృహాలు కట్టిస్తారు. మీ అబ్బాయికి హాబిటాట్. పదహారేళ్లు నిండితేనే కట్టుబడి సైటులోకి రానిస్తారు. అంతకన్నా చిన్నవాడైతే, విరాళంగా వచ్చిన తలుపులూ అల్మరాలూ అమ్మే వాళ్ల రీస్టోర్ దుకాణంలో చిన్నవాళ్లకు పని ఉందేమో అడగండి. కాలేజీ అప్లికేషన్ కోసమే వెళ్లినా ఫర్వాలేదు. మేకు సూటిగా దించడం నేర్చుకుంటాడు.

*

*ఇళ్లు కట్టించే ట్రస్టుకు పాతికవేలు నగదు ఇచ్చాను. పన్ను మినహాయింపు వస్తుందా?*
— వ్యాపారి, నెల్లూరు

రాదు. రెండువేలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. చెక్కుగానో ఆన్‌లైన్లోనో ఇవ్వాలి, ట్రస్టుకు 80జీ అనుమతి ఉండాలి, మీరు పాత పన్ను విధానంలో ఉండాలి. కొత్త విధానంలో ఎలా ఇచ్చినా రాదు. మినహాయింపు రాలేదని ఈసారి ఇవ్వడం మానకండి.

*

బిల్డర్ల హామీల గురించి రాసేవారు బ్రోషర్ జిరాక్సు, రెరా నంబరు జతచేయండి. అవి లేకుండా ‘ఫలానావాళ్లు మంచివాళ్లేనా’ అని అడిగితే జవాబివ్వలేను. సంక్షేమ బోర్డు కార్డు కోసం తిరుగుతున్న కట్టుబడి కార్మికులు తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసినా చాలు, వచ్చే నెల ఆ ఉత్తరాలకే మొదటి చోటు.